నునుపెక్కిన పాట, గరుకు గొంతు

(రైసూత్‌లో తెలుగువారి శుక్రవారం కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



సాంస్కృతిక కమిటీ వారు నన్ను "పాట, ఆధునికత" అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. అంశం చాలా పెద్దది. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. నా తరువాత పిల్లల నాట్యం ఉంది, వాళ్ళప్పుడే గజ్జెలు కట్టుకుని కూర్చున్నారు. అందుకని ఒక్క ప్రశ్నకే కట్టుబడతాను. వీధిలో పుట్టిన మోటు పాటను స్టూడియోలోకి తీసుకెళ్ళి నునుపు చేస్తే ఏమొస్తుంది, ఏం పోతుంది? ఈ ప్రశ్న ఊసుపోక వచ్చింది కాదు. రాబోయే బతుకమ్మకు సీడీ ట్రాకు పెట్టాలా, మన ఆడవాళ్ళే నోటితో పాడాలా అని రెండు పక్షాలు ఏర్పడ్డాయి. రెండు పక్షాల వారూ ఈ హాల్లోనే ఉన్నారు. దూరం దూరంగా కూర్చున్నారు కూడా.

ఇది మన ఒక్కరి తగువు కాదని ముందు చెప్పాలి. అమెరికాలో నిర్వాణ అనే రాక్ బృందం ఉండేది. గిటారు గీరుకుపోయినట్టు, గొంతు చిరిగిపోయినట్టు పాడేవారు. 1991లో వాళ్ళ "నెవర్‌మైండ్" ఆల్బమ్ వచ్చింది. దాన్ని రికార్డు చేసినవారు బచ్ విగ్. చివరి మెరుగు పెట్టినవారు ఆండీ వాలెస్. రేడియోలో హాయిగా వినబడేట్టు పని చేశారు. కోట్ల కాపీలు అమ్ముడుపోయింది. పాడిన కర్ట్ కోబేన్ మాత్రం తరువాత ఆ నునుపు తనకు నచ్చలేదన్నాడు. తరువాతి ఆల్బమ్‌కు, 1993లో, కావాలని స్టీవ్ అల్బీని అనే మనిషిని పెట్టుకున్నారు. ఆయన పద్ధతి గరుకును గరుకుగానే ఉంచడం. కంపెనీ వారికి అది రుచించలేదు. కడకు అందులో రెండు పాటల్ని మరొకరి చేత మళ్ళీ మెరుగు పెట్టించారు.

ఈ కథలో నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. అల్బీని ఆ బృందానికి ముందే ఒక ఉత్తరం రాశాడు. నాకు రాయల్టీ వద్దు, పాట మీది, పైపులు బిగించే ప్లంబరుకు ఇచ్చినట్టు నా పనికి నాకు కూలి ఇవ్వండి చాలు అన్నాడు. లక్షల్లో అమ్ముడుపోతుందని తెలిసిన ఆల్బమ్ మీద ఆ మాట అన్నాడు. ఈ హాల్లో ప్లంబర్లున్నారు, వెల్డర్లున్నారు, తాపీ మేస్త్రీలున్నారు. ఆ మాట బరువు మీకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. పాట ఎవరిది, కూలి ఎవరిది అన్న ఈ ముక్కను గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మనకు రాక్ సంగీతం లేదని కుర్రాళ్ళు బాధపడుతుంటారు. డప్పు ఉన్న జాతికి ఆ బాధ ఎందుకో నాకు తెలియదు. 1972లో మొదలైన జననాట్యమండలిని తలచుకోండి. భుజాన గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర, పక్కన డప్పు. బ్యాంకు గుమాస్తా ఉద్యోగం చేసిన గుమ్మడి విఠల్ రావు గద్దర్ అయ్యాడు. ఉత్తరాంధ్రలో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చాడు. వీళ్ళకు మైకు దొరికితే సరే, లేకపోతే గొంతే మైకు. 1990లో హైదరాబాదు నిజాం కాలేజి మైదానంలో జరిగిన సభకు జనం ఎలా విరగబడ్డారో చూసిన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. వాళ్ళ రాజకీయాలతో మీకు పేచీ ఉండొచ్చు, నాకూ కొంత ఉంది. పాట దగ్గర మాత్రం పేచీ లేదు.

ఆ గరుకు పాట తెరకెక్కిన తొలి సందర్భాల్లో ముఖ్యమైనది గౌతమ్ ఘోష్ తీసిన "మా భూమి" (1979). బి. నరసింగరావు నిర్మాతల్లో ఒకరు. అందులో "బండెనక బండి గట్టి" పాటను గద్దరే తెర మీద పాడాడు. మనలో చాలామంది అది గద్దర్ రాసిన పాట అనుకుంటాం. రాసింది బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో. అదే సినిమాలో "పల్లెటూరి పిల్లగాడా" సుద్దాల హనుమంతు పాట. గొంతు గుర్తుండిపోతుంది, రాసినవాడి పేరు జారిపోతుంది. పాటకు ఇది మొదటి నుంచీ ఉన్న జబ్బు. స్టూడియో దీన్ని పుట్టించలేదు, పెద్దది చేసిందంతే.

వంగపండు సంగతీ అంతే. ఆయన "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" పాట శ్రీకాకుళం కొండల నుంచి ఊరూరూ తిరిగింది. ఆ మాటలు "మగధీర" (2009) పాటలో హోరెత్తినప్పుడు థియేటర్లో ఈలలు వేసినవాళ్ళలో ఎంతమందికి వంగపండు పేరు తెలుసు? ఆయన 2020 ఆగస్టులో పోయారు. గద్దర్ 2023 ఆగస్టులో.

అయితే నునుపు చేసినంత మాత్రాన పాట చచ్చిపోతుందన్న వాళ్ళతో నేను ఏకీభవించను. "జై బోలో తెలంగాణ" (2011) సినిమాకు గద్దర్ పాడిన "పొడుస్తున్న పొద్దు మీద" వినండి. సంగీతం చక్రి. వెనుక వాద్యాలున్నాయి, కోరస్ ఉంది, అంతా సినిమా కొలతలకు తూచినట్టుంది. కాని గొంతును ముట్టుకోలేదు. ఆయాసం ఆయాసంలాగే ఉంది, పిలుపు పిలుపులాగే ఉంది. ఉద్యమం రోజుల్లో ఊరేగింపుల్లో జనం దాన్ని మళ్ళీ నోటితో పాడుకున్నారు. స్టూడియోకు వెళ్ళి తిరిగి వీధికి రాగలిగిన పాట అది. నా దృష్టిలో పాటకు పరీక్ష ఇదే. ఎంత మెరిసింది అన్నది కాదు, మెరుగు పెట్టాక మనిషి నోట్లో మళ్ళీ పడుతుందా అన్నది.

ఇంతకీ స్టూడియోలో జరిగేది ఏమిటో రెండు మాటల్లో చెప్పుకుందాం. లేకపోతే మనం గాలిలో పోట్లాడుకున్నట్టు ఉంటుంది. డప్పును రెండు పుల్లలతో కొడతారని మీకు తెలుసు, ఒకటి లావుపాటి సిర్ర, ఒకటి సన్నని సిటికెన పుల్ల. కొట్టేవాడు పాడేవాడి మొహం చూసి కొడతాడు. పాడేవాడు ఊపిరి తీసుకుంటే ఒక దెబ్బ ఆలస్యం చేస్తాడు. జనం ఊగుతుంటే వేగం పెంచుతాడు. స్టూడియోలో ముందు చెవిలో టిక్ టిక్ అని గడియారం లాంటి దెబ్బ వినిపిస్తారు. అందరూ దానికి లోబడి వాయించాలి, అదీ ఒకరి తరువాత ఒకరు, వేరే వేరే రోజుల్లో. డప్పు మనిషి రాకపోతే కీబోర్డులో దాచిన డప్పు శబ్దాన్ని వాడతారు. ఆ దెబ్బ ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. తరువాత గొంతులో శ్రుతి తప్పిన చోట కంప్యూటరు సరిచేస్తుంది. చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని అణచి, అన్నిటినీ ఒక మట్టానికి తెస్తారు. కారులో విన్నా ఫోనులో విన్నా బాగుండాలి కదా. ఇందులో ద్రోహమేమీ లేదు, ఇది కూడా ఒక పనితనమే. పోయేది ఒక్కటే, పాడేవాడూ వాయించేవాడూ వినేవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం.

ఇప్పటి కుర్రాళ్ళ ఉదాహరణ ఒకటి. హైదరాబాదులో చౌరస్తా అనే బృందం మన జానపదాన్ని రెగ్గే దరువుతో కలిపి పాడింది. అందులో పాడిన రామ్ మిరియాల తరువాత సినిమాలకు వెళ్ళారు. "జాతిరత్నాలు" (2021)లో "చిట్టి" ఆయన గొంతే. "డిజె టిల్లు" (2022) పేరుపాట ఆయనే కట్టి ఆయనే పాడారు. బృందంలో ఉన్నప్పటి పచ్చిదనం పోయిందని మా మేనల్లుడి లాంటి వాళ్ళు నిట్టూరుస్తారు. పోయింది కొంత. కాని "టిల్లు" పాటలో ఉన్నది హైదరాబాదు గల్లీ భాషే. ఆ భాషను సినిమాలో ఒకప్పుడు రౌడీకో హాస్యగాడికో మాత్రమే ఇచ్చేవారు. అది కథానాయకుడి పాటయింది. ఆ లాభాన్ని కూడా లెక్కలో వేయాలి.

నన్ను ఎక్కువ కలతపెట్టిన పాట ఇంకొకటుంది. దాని గురించి కొంచెం నిదానంగా చెబుతాను. 2021 సెప్టెంబరు 2న "భీమ్లా నాయక్" సినిమా పేరుపాట విడుదలయింది. సంగీతం తమన్. పాడిన సినిమా గొంతుల్లో రామ్ మిరియాల కూడా ఉన్నారు. కాని పాట మొదలయ్యేది వాళ్ళతో కాదు. నాగర్‌కర్నూలు ప్రాంతపు దర్శనం మొగిలయ్య, పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని ఎత్తుకుంటాడు. కిన్నెర అంటే వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు. దాన్ని తరతరాలుగా వాయించినవారు డక్కలి కులంవారు. ఊరూరూ తిరిగి పండుగ సాయన్న లాంటి వీరుల కథలు చెప్పి, పెట్టింది తిని బతికినవారు. పాటలో ఆ కిన్నెర కాసేపే ఉంటుంది. తరువాత డ్రమ్ములు విరుచుకుపడతాయి. ఆ తొలి క్షణాలు లేకపోతే ఆ పాటకు ఊరు లేదు, పేరు లేదు.

మంచి జరిగింది. ఆయన మొహం చూపించారు, పేరు దాచలేదు. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. ఒక్క పాట మూలంగా, కిన్నెర అంటే ఏమిటో తెలియని తరానికి కిన్నెర తెలిసింది. రెండేళ్ళు తిరిగాయి. 2024 మే నెలలో, హైదరాబాదు దగ్గర తుర్కయాంజాల్‌లో ఒక కట్టడం పనిలో ఆ పద్మశ్రీ మొగిలయ్యే కూలి చేస్తున్న దృశ్యం పత్రికల్లో వచ్చింది. ఆ తరువాత నాయకులు ఆదుకుంటామన్నారు. ఎవరిది తప్పని ఇక్కడ నుంచి తీర్పు చెప్పడానికి నేను లేచి నిలబడలేదు. కూలి పని నామోషీ అనీ అనను, ఈ హాల్లో ఆ మాట అంటే నన్ను దించేస్తారు. నా ప్రశ్న చిన్నది. పాట ప్రతి పెళ్ళి బరాత్‌లోనూ మోగుతోంది. మోగిన ప్రతిసారీ ఎవరికో ఎంతో కొంత ముడుతుంది. దాన్ని ఎత్తుకున్న మనిషికి ఆ లెక్కలో చోటుందా?

చట్టం కొంత మేలు చేసింది. మన దేశపు కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించారు. సినిమా పాట రాసినవారికి, వరస కట్టినవారికి రాయల్టీలో వాటా ఉండాలన్నారు. కాగితం మీద సంతకం పెట్టించుకుని ఆ వాటాను లాక్కునే వీలు లేకుండా చేశారు. మంచిదే. కాని తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కు వచ్చిన వరసకు కర్త ఎవరు? కులం మొత్తం మోసిన వాద్యానికి హక్కుదారు ఎవరు? చట్టానికి పేరూ తేదీ కావాలి. జానపదానికి ఆ రెండూ ఉండవు. పాట నునుపెక్కిందని గుండెలు బాదుకునేవాళ్ళు ఈ సంగతి ఎత్తరు. నునుపు చేసినందుకు కాదు నా ఫిర్యాదు, కూలి లెక్క తేలనందుకు.

అందెశ్రీ సంగతి కూడా చెప్పుకోవాలి. మేస్త్రీ అన్నలూ, ఆయన మీవాడు. బడి మొహం చూడలేదు, పశువులు కాశాడు, తాపీ పని చేశాడు. ఆయన రాసిన "జయ జయహే తెలంగాణ" ఉద్యమ కాలంలో బళ్ళలో, సభల్లో వాద్యం లేకుండానే మారుమోగింది. 2024లో దాన్ని రాష్ట్ర గీతం చేశారు. స్వరకల్పన కీరవాణికి అప్పగించారు. జూన్ 2న, రాష్ట్రావతరణ దినాన, కొత్త రూపం వినిపించారు. అధికారిక సభలకు రెండున్నర నిమిషాల పొట్టి రూపం, విడిగా పెద్ద రూపం. ఆంధ్రా సంగీతకారుడికి ఇవ్వడమేమిటని తెలంగాణ సంగీతకారులు కొందరు అభ్యంతరం చెప్పారు. ఆ ఎంపిక అందెశ్రీకే వదిలేశామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జవాబిచ్చారు.

ఇక్కడ మనం రెండు రాష్ట్రాల వాళ్ళం ఒకే మెస్సులో తింటున్నాం. కాబట్టి స్వరకర్త ఊరు ఏదన్న గొడవలోకి నేను పోను. వరస గురించి మాట్లాడతాను. పాత వరసలో నడక ఉంది, బజారు వెంట నడుస్తూ పాడుకునే నడక. కొత్త వరసలో నిటారుగా నిలబడి పాడే గాంభీర్యం ఉంది. రాష్ట్ర గీతానికి రెండోదే తగినదంటే నేను కాదనను. కాని బడిపిల్లవాడికి వాద్యబృందం తోడు లేకుండా ఏది తొందరగా నోటికి వస్తుందో మీరే చెప్పండి. నా ఓటు పాతదానికి. అందెశ్రీ తన పాట రాష్ట్ర గీతం కావడం కళ్ళారా చూసి, 2025 నవంబరు 10న కన్నుమూశారు. ఆ మాత్రం దక్కింది.

మనం అన్నం తింటున్న ఈ నేల ఈ చిక్కును ఎలా విప్పుకుందో కూడా చూడండి. సుల్తాన్ కాబూస్ సలాలాలోనే పుట్టారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమంటే ఆయనకు ప్రాణం. 1985లో ఒమానీ యువకులతోనే సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టించారు. అంతకు ముందే, 1983లో, దేశంలోని సంప్రదాయ సంగీతాన్ని సేకరించి భద్రపరచడానికి ఒక కేంద్రం నెలకొల్పారు. రెండూ పక్కపక్కన నడిచాయి. మన వెనుక కనిపించే ఈ ధోఫార్ కొండల బరా నృత్యాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. పది మంది నుంచి ముప్ఫై మంది దాకా అర్ధచంద్రాకారంలో నిలబడి చప్పట్లు కొడుతూ పాడతారు. మధ్యలో ఇద్దరు కత్తులు ఎత్తి ఆడతారు. 2010లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. సింఫనీ కోసం బరాను సాపు చేయలేదు, బరా కోసం సింఫనీని మానలేదు. ఎవరి పీట వారికి వేశారు. రాజుగారి ఖజానా ఉంటే ఎన్ని పీటలైనా వేయొచ్చు అంటారా, అదీ నిజమే.

ఇక మన బతుకమ్మ. మా ఇంట్లోనే దీని మీద ఓటు రెండుగా చీలింది కాబట్టి జాగ్రత్తగా మాట్లాడతాను.

ట్రాకు వైపు న్యాయం ఉంది. శ్రీకాకుళం నుంచి, కడప నుంచి వచ్చిన చెల్లెళ్ళకు ఆ పాటలు రావు. ఇక్కడే పుట్టిన పిల్లలకు అసలే రావు. స్పీకరులో పాట వస్తుంటే అడుగు కలుపుతారు, ఫోటోలు బాగుంటాయి, కార్యక్రమం సమయానికి ముగుస్తుంది. ఏటా కొత్త బతుకమ్మ పాటలు తళతళలాడే వీడియోలతో వస్తున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి.

కాని ట్రాకు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. ఊళ్ళో ఒక అక్క ఎత్తుకుంటుంది, తక్కిన వాళ్ళు ఉయ్యాలో అని అందుకుంటారు. వలయం పెద్దదయితే ఆమె పాట పొడిగిస్తుంది. ముసలమ్మలు అలిసిపోతే నిదానిస్తుంది. ఆ ఏడు కొత్త కోడలు వస్తే ఆమె పేరు పాటలో చేరుస్తుంది. గల్ఫుకు పోయిన కొడుకు పేరూ చేరుస్తుంది. మన పేర్లు అలా ఎన్ని వలయాల్లో తిరిగాయో మనకేం తెలుసు? ట్రాకుకు మన పేర్లు తెలియవు. ఐదు నిమిషాలకు అది ఆగుతుంది, ఆగగానే ఆడవాళ్ళ కాళ్ళూ ఆగుతాయి. పోయినేడు పాటకూ పాటకూ మధ్య కంప్యూటరు మొరాయిస్తే, వలయమంతా పది నిమిషాలు నిలబడిపోయింది. అంతమంది ఆడవాళ్ళలో ఒక్క గొంతూ లేవలేదు. పాటలు రాక కాదు. స్పీకరు ఉండగా నేనెందుకు ఎత్తుకోవాలి అన్న సంకోచం. నాకు భయం వేసింది అక్కడ.

అందుకని నేను కమిటీ ముందు పెడుతున్నది ఇది. మొదటి గంట స్పీకరు వద్దు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు అక్కలు ఎత్తుకుంటారు, తక్కిన వాళ్ళం అందుకుంటాం. శ్రుతి తప్పితే తప్పనివ్వండి. రెండో గంట ట్రాకు పెట్టండి, కుర్రపిల్లలు కావలసినంత ఆడుకుంటారు. ఎవరి పీట వారికి. ఇంకొక మాట, డప్పు కొట్టడానికి మన లేబర్ క్యాంపు నుంచి ఇద్దరు తమ్ముళ్ళు వస్తామన్నారు. వాళ్ళకు శాలువా కప్పి పంపించకండి. ట్రాకు మనిషికి, సౌండు మనిషికి ఎంత ఇస్తున్నారో అంతకు తగ్గకుండా వాళ్ళకూ ఇవ్వండి. బడ్జెట్‌లో ఆ పద్దు నేను వెతికాను, కనిపించలేదు.

వాతావరణం సంగతి ఒకటి. ఖరీఫ్ వెళ్ళిపోయే రోజుల్లోనే బతుకమ్మ వస్తుంది. మన రైతులు వానకారు పంటను ఖరీఫ్ అంటారు, ఇక్కడి వాళ్ళు ఈ తుంపర్ల కాలాన్ని ఖరీఫ్ అంటారు. రెండూ ఒకే అరబ్బీ మాట. మంచు తుంపర తగ్గినా గాలిలో తేమ ఉంటుంది, డప్పు తోలు వదులవుతుంది. మంట దగ్గర కాచకపోతే మోగదు. హాలు లోపల మంట వేయనివ్వరు కనుక బయట, గేటు అవతల, లుబాన్ ధూపం వేసే మట్టి కుంపటి ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది. బొగ్గులు నేను తెస్తాను. పాటలు రాసిపెట్టుకున్న నోటుపుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే భోజనాల దగ్గర మా ఇంటావిడకు పేరు చెప్పండి, పాడించి రాసుకుంటుంది. ఎత్తుకోవడానికి ఇప్పటికి ముగ్గురు అక్కలు ఒప్పుకున్నారు, ఇంకో ఇద్దరు కావాలి.

పిల్లలు గజ్జెలు ఘల్లుమనిపిస్తున్నారు, నన్ను దిగమని. సెలవు.